సాక్సనీ వెండి టాలర్ చేతికొస్తే: గుర్తించడం నుంచి భద్రపరచడం దాకా

జర్మనీలో చదువుకునే, ఉద్యోగం చేసే మనవాళ్లు సంతల్లోనూ ఆన్‌లైన్ వేలాల్లోనూ పాత వెండి నాణేలు కొంటున్నారు. ఆ తర్వాత ఫొటో పంపి "ఇది ఏ కాలంది? అసలుదేనా?" అని అడుగుతున్నారు. అలా వచ్చే ఫొటోల్లో ఎక్కువ భాగం సాక్సనీ ఎలెక్టర్ల టాలర్లే. సాక్సనీ తూర్పు జర్మనీలోని పాత రాజ్యం, ఎలెక్టర్ అంటే చక్రవర్తిని ఎన్నుకునే హక్కున్న పాలకుడు, టాలర్ అంటే పెద్ద వెండి నాణెం. ఫ్రైబర్గ్, ష్నేబర్గ్, అన్నాబర్గ్ గనుల వెండి చేతిలో ఉండటంతో ఈ రాజ్యం టాలర్లను పెద్ద ఎత్తున ముద్రించింది. అందుకే ఇప్పటికీ దొరుకుతున్నాయి, అందుకే నకిలీలూ ఎక్కువ.

ఫొటో చూసి అసలో నకిలీయో చెప్పడం నా వల్ల కాదు. నాణెం మీ దగ్గరే ఉంది కాబట్టి పరీక్షించాల్సింది మీరే. అసలు సూత్రం ఒకటే: పాలకుడి పేరు, సంవత్సరం, టంకశాల అధికారి అక్షరాలు, బరువు, ఈ నాలుగూ ఒకే మాట చెప్పాలి. ఒకటి తేడాగా ఉంటే ఆగాలి.

1566 నాటి సామ్రాజ్య (పవిత్ర రోమన్ సామ్రాజ్యపు) ప్రమాణం నుంచి 1800 దాకా వచ్చిన టాలర్లు, వాటి భాగాల (2/3, 1/3 వంటి చిన్న నాణేల) గురించే ఇక్కడ చెబుతున్నాను.

## 1. ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

- 0.01 గ్రాము దాకా చూపే చిన్న డిజిటల్ కాటా. నగల కొట్టులో వాడే రకం చాలు. వంటింటి కాటా పనికిరాదు.
- వెర్నియర్ కాలిపర్స్, ప్లాస్టిక్‌ది అయితే మంచిది. ఉక్కుది గీతలు పెడుతుంది.
- 10 రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం.
- గాజు గ్లాసు, మామూలు నీళ్లు, సన్నటి నైలాన్ దారం.
- ఒక అయస్కాంతం.
- కింద పరచడానికి మెత్తటి గుడ్డ.
- ఒక పక్క నుంచి వెలుగు పడే టేబుల్ లైటు.

నాణేన్ని ఎప్పుడూ అంచులు పట్టుకునే తీయండి. బొమ్మ మీద వేలు పెడితే చెమట మరక పడుతుంది, అది కొన్ని నెలలకు నల్లటి వేలిముద్రగా తేలుతుంది.

## 2. తోమొద్దు

ఈ మెట్టును పరీక్షలన్నింటికంటే ముందు పెట్టడానికి కారణం ఉంది. మన ఇళ్లలో వెండి అంటే పూజ సామాను. నల్లబడితే విభూతి పెట్టో, చింతపండు పెట్టో, టూత్‌పేస్ట్‌తోనో తళతళా తోమేస్తాం. కుందులకు అది సరే. నాణేనికి అది చావుదెబ్బ.

300 ఏళ్లు పట్టి ఏర్పడిన బూడిదరంగు పొర పోతే తిరిగి రాదు. తోమిన నాణెం ఒకే రకం తెల్లటి మెరుపుతో, భూతద్దంలో ఒకే దిక్కుకు సాగే వెంట్రుక గీతలతో పట్టుబడుతుంది. కొనేవాడు మొదట చూసేది అదే. ధర సగానికి పడిపోయినా ఆశ్చర్యం లేదు.

జిడ్డో, ప్లాస్టిక్ కవరు వల్ల వచ్చిన పచ్చటి జిగురో ఉంటే శుద్ధమైన అసిటోన్‌లో కొన్ని నిమిషాలు ఉంచి, రుద్దకుండా ఆరనివ్వండి. గోళ్ల రంగు తుడిచే రిమూవర్ దానికి బదులు కాదు, అందులో నూనెలు, పరిమళాలు కలిసి ఉంటాయి. కిటికీ తెరిచి, పొయ్యికి దూరంగా చేయండి.

## 3. బరువు, కొలత

కాటాను సున్నా చేసి మూడుసార్లు తూచి, మూడూ రాసుకోండి.

నాణెం ఎంత తూగాలో తెలియాలంటే ఏ ప్రమాణంలో ముద్రించారో తెలియాలి. జర్మన్ టంకశాలలు కొలోన్ మార్క్ అనే తూకం వాడేవి, అది సుమారు 233.856 గ్రాములు. ఒక మార్క్ శుద్ధ వెండి నుంచి ఎన్ని నాణేలు తీయాలి అన్నదే ప్రమాణం.

- 1566 సామ్రాజ్య ప్రమాణం: శుద్ధ వెండి మార్క్‌కు 9 టాలర్లు. నాణెం బరువు సుమారు 29.23 గ్రాములు, వన్నె వెయ్యికి 889, అందులో శుద్ధ వెండి సుమారు 25.98 గ్రాములు.
- 1690 లైప్‌జిగ్ ప్రమాణం: శుద్ధ వెండి మార్క్‌కు 12 లెక్కల టాలర్లు. ఈ ప్రమాణంలో ఎక్కువగా కనిపించేది 2/3 టాలర్: సుమారు 17.32 గ్రాములు, వన్నె 750.
- కన్వెన్షన్ (ఒప్పంద) ప్రమాణం, సాక్సనీలో 1763 నుంచి: మార్క్‌కు 10 టాలర్లు. బరువు సుమారు 28.06 గ్రాములు, వన్నె 833, శుద్ధ వెండి సుమారు 23.39 గ్రాములు.

ఇక్కడ చాలామంది తికమక పడతారు. 1690 తర్వాత కూడా పాత బరువైన పెద్ద టాలర్ల ముద్రణ ఆగలేదు. వాటిని స్పెసీస్ టాలర్ అనేవారు. లెక్కలు రాసుకునే టాలర్ మాత్రం 24 గ్రోషెన్‌ల (చిన్న చిల్లర నాణేల) విలువ, అంతే. చేతిలోని స్పెసీస్ టాలర్ 32 గ్రోషెన్‌లు పలికేది, అంటే ఒకటీ మూడో వంతు లెక్కల టాలర్. నాణెం మీద 2/3 అని ఉంటే అది లెక్కల టాలర్‌లో మూడింట రెండు వంతులు, అంటే 16 గ్రోషెన్‌లు. పెద్ద నాణెం బరువులో మూడింట రెండు వంతులు తూగాలని చూస్తే ప్రతి 2/3 నకిలీగానే కనిపిస్తుంది. నిజానికి అది విలువలో, శుద్ధ వెండిలో స్పెసీస్ టాలర్‌లో సగం.

అరుగుదలకు కొంత విడిచిపెట్టాలి. 17వ శతాబ్దపు టాలర్ 28.5 నుంచి 29.3 గ్రాముల మధ్య ఉంటే కంగారు అక్కర్లేదు. 26 తూగితే మాత్రం గట్టి కారణం కావాలి: బాగా అరిగిందా, అంచు కత్తిరించారా, లేక నకిలీయా?

పెద్ద టాలర్లు ఎక్కువగా 40 నుంచి 45 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటాయి. పాతవి గుండ్రంగా లేకపోవడం మామూలే, అందుకే రెండు దిక్కుల్లో కొలిచి రాసుకోండి.

బరువు తగ్గినా నకిలీ కానివి: 1619–1623 మధ్య చాలా జర్మన్ రాజ్యాల్లో నాణేల కల్తీ వెర్రిగా సాగింది. దాన్ని కిప్పర్, విప్పర్ కాలం అంటారు. సాక్సనీ కూడా 40, 60 గ్రోషెన్ విలువ వేసిన, వెండి తగ్గించిన నాణేలు వదిలింది. 1620–1622 సంవత్సరాలు కనిపిస్తే ముందు విలువ అంకె కోసం వెతికి, ఆ తర్వాతే బరువు మీద తీర్పు చెప్పండి.

## 4. నీళ్లలో సాంద్రత పరీక్ష

అయస్కాంతానికి అంటుకుంటే పని అక్కడితో అయిపోయింది, నకిలీ. అంటుకోకపోతే మాత్రం ఏమీ తేలినట్టు కాదు. ఇత్తడి, రాగి, సీసం కూడా అంటుకోవు కదా.

1. గ్లాసులో సగానికి పైగా నీళ్లు పోసి కాటా మీద పెట్టి సున్నా చేయండి.
2. నాణేనికి దారం కట్టి నీళ్లలో పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. అడుగుకు గానీ పక్కలకు గానీ తగలకూడదు.
3. గాలి బుడగలు అంటుకుంటే నెమ్మదిగా ఊపి వదిలించండి.
4. కాటా చూపే అంకె రాసుకోండి. గ్రాముల్లో వచ్చిన ఆ అంకే నాణెం ఘనపరిమాణం, మిల్లీలీటర్లలో.
5. పొడి బరువును ఆ అంకెతో భాగించండి.

ఉదాహరణకు పొడిగా 29.10, నీళ్లలో 2.83 వచ్చిందనుకోండి. 29.10ని 2.83తో భాగిస్తే 10.28. వన్నె 889 ఉన్న వెండి, రాగి మిశ్రమానికి లెక్క ప్రకారం రావాల్సింది 10.29 దగ్గర. 833 వన్నెకు 10.20, 750 వన్నెకు 10.06 దగ్గర వస్తుంది.

ఇంట్లో చేసే పరీక్షలో 0.1 అటూ ఇటూ సహజం. 9 లోపు వస్తే వెండి మీద ఆశ వదులుకోండి, ఇత్తడి, రాగి–నికెల్ మిశ్రమాలు ఉండేది అక్కడే. సాంద్రత సరిపోయినా అసలుదని ముద్ర వేయలేం. సీసం వెండి కంటే బరువైనది కాబట్టి తేలిక లోహంతో కలిపి ఈ అంకెను రప్పించవచ్చు. అసలు వెండితోనే కొత్తగా ముద్రించిన నకిలీలూ ఉన్నాయి. ఈ పరీక్షతో నకిలీని పట్టుకోవచ్చు కానీ అసలుదని రుజువు చేయలేం.

కంసాలి దగ్గరకు తీసుకెళ్లి గీటురాయి మీద గీయించకండి. అంచు అరిగిపోతుంది, పైగా వన్నె తప్ప ఇంకేమీ తెలియదు.

## 5. రాతను చదవడం

రాత సాధారణంగా పైన, గడియారంలో 12 ఉండే చోట మొదలై కుడివైపు తిరుగుతుంది. లాటిన్ పదాలన్నీ కుదించి ఉంటాయి. "యు" ఉండాల్సిన చోట "వి", "జె" ఉండాల్సిన చోట "ఐ" కనిపిస్తాయి. అరిగిన అక్షరాల కోసం లైటును పక్క నుంచి వేసి నాణేన్ని మెల్లగా తిప్పండి.

తరచూ కనబడేవి:

- డి జి: దేవుడి దయతో.
- డి వి ఎక్స్, ఆ వెంట ఎస్ ఎ ఎక్స్: సాక్సనీ డ్యూక్.
- ఐ వి ఎల్, సి ఎల్ ఐ వి, ఎమ్ ఓ ఎన్ టి: యూలిష్, క్లేవ్, బెర్గ్ ప్రాంతాల డ్యూక్. 1609లో అక్కడి వంశం ఆగిపోయాక సాక్సనీ హక్కు చెప్పుకుంది. ఈ బిరుదు ఉన్న నాణెం మీద అంతకుముందు సంవత్సరం ఉంటే అనుమానించాలి.
- ఎ ఆర్ సి హెచ్ ఐ ఎమ్, ఇ ఎల్ ఇ సి: సామ్రాజ్య ఆర్చ్‌మార్షల్ (సామ్రాజ్యంలో ఒక లాంఛన పదవి), ఎలెక్టర్. దీనికి గుర్తుగా డాలు మీద అడ్డంగా రెండు కత్తులు ఉంటాయి.

ఈ చివరి బిరుదు దగ్గర జాగ్రత్త. సాక్సనీ అన్న పేరు రెండు వంశ శాఖలది. 1485లో ఆస్తి పంచుకున్నాక ఎర్నెస్టైన్, ఆల్బర్టైన్ శాఖలు వేరయ్యాయి. మ్యూల్‌బర్గ్ యుద్ధం తర్వాత 1547లో ఎలెక్టర్ పదవి ఆల్బర్టైన్ శాఖకు చెందిన మోరిట్స్‌కు వచ్చింది. ఆ తర్వాతి నాణెం మీద సాక్సనీ పేరు ఉండి ఎలెక్టర్ బిరుదు లేకపోతే అది వైమార్, కోబుర్గ్ వంటి ఎర్నెస్టైన్ చిన్న రాజ్యాలది అయ్యే అవకాశం ఎక్కువ. వాటికి వేరే పట్టికలు చూడాలి.

ఒకరికంటే ఎక్కువ బొమ్మలుంటే: 1591లో మొదటి క్రిస్టియన్ చనిపోయాక ఆయన ముగ్గురు కొడుకుల పేర టాలర్లు వచ్చాయి. 1601 దాకా ముగ్గురూ ఒక వైపే ఉంటారు. ఆ తర్వాత 1611 వరకు ముందు వైపు రెండో క్రిస్టియన్, వెనక ఇద్దరు తమ్ముళ్లు. వీటిని ముగ్గురన్నదమ్ముల టాలర్లు అంటారు. కొత్తగా సేకరణ మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పేది వీటినే: విరివిగా దొరుకుతాయి, పోల్చుకోవడానికి మంచి ఫొటోలూ బోలెడు.

ఒకే పేరు, ముగ్గురు మనుషులు: ఫ్రీడ్రిష్ ఆగస్ట్ అన్న పేరు చూసి తొందరపడొద్దు.

- మొదటి ఆయన 1694–1733, పోలండ్ రాజు కూడా. 1697 నుంచి రాతలో పోలండ్ రాజు బిరుదు చేరుతుంది.
- ఆయన కొడుకు 1733–1763, ఇతనూ పోలండ్ రాజే. బిరుదు అదే కాబట్టి సంవత్సరమే దిక్కు.
- ఆ కొడుకుకు మనవడు 1763–1827. పోలండ్ బిరుదు ఉండదు. 1806 తర్వాత సాక్సనీ రాజు అని ఉంటుంది.

1763లో మధ్యన ఫ్రీడ్రిష్ క్రిస్టియన్ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మాత్రమే పాలించాడు. ఆ ఒక్క ఏడాది నాణేలు అలా ముగ్గురు పాలకుల పేర రావచ్చు.

గుర్రపు రౌతు ఉంటే: చక్రవర్తి చనిపోయి కొత్తవాడు ఎన్నికయ్యేలోపు సాక్సనీ ఎలెక్టర్ సామ్రాజ్య ప్రతినిధి. ఆ సందర్భాల్లో వేసిన వికారియట్ నాణేల మీద రౌతు బొమ్మ తరచూ కనిపిస్తుంది. సంవత్సరాలు 1612, 1619, 1657, 1711, 1740–42, 1745, 1790, 1792 దగ్గర ఉండాలి.

## 6. టంకశాల అధికారి అక్షరాలు

నకిలీలు ఎక్కువగా దొరికిపోయేది ఇక్కడే. పాలకుడి బొమ్మను చక్కగా కాపీ కొట్టినవాడు అడుగునున్న రెండు చిన్న అక్షరాల గురించి పట్టించుకోడు.

ఎలెక్టర్ ఆగస్ట్ 1556లో ముద్రణను డ్రెస్డెన్‌కు చేర్చాడు. అక్కడి అధికారులు డాలు పక్కనో, బొమ్మ కిందో, రాత మధ్యనో తమ పేరు మొదటి అక్షరాలు వేసేవారు. ముఖ్యమైనవి:

- హెచ్ బి: హన్స్ బీనర్, 1556–1604
- హంస గుర్తు: హైన్రిష్ ఫాన్ రేనెన్, 1605–1624
- హెచ్ ఐ: హన్స్ యాకోబ్, 1624–1635
- ఎస్ డి: 1635–1640
- సి ఆర్: కాన్‌స్టాంటిన్ రోటె, 1640–1678
- సి ఎఫ్: 1678–1686
- ఐ కె: యోహన్ కోహ్, 1688–1698
- ఐ ఎల్ హెచ్: 1698–1716
- ఐ జి ఎస్: 1716–1734
- ఎఫ్ డబ్ల్యూ ఓ ఎఫ్ (ఓ మీద చిన్న టోపీ గుర్తు): 1734–1763
- ఇ డి సి: 1764–1778
- ఐ ఇ సి: 1779–1804

మార్పు జరిగిన సంవత్సరాల్లో ఒకటి అటూ ఇటూ ఉండొచ్చు. ఇ డి సి అక్షరాలు 1750లలో లైప్‌జిగ్ నాణేల మీదా కనిపిస్తాయి. 19వ శతాబ్దం మొదట్లో మరో అధికారికీ ఐ జి ఎస్ అక్షరాలే, కాబట్టి పక్కన సంవత్సరం చూడకుండా నిర్ణయించొద్దు.

ఒక నాణెం పూర్తిగా చూద్దాం. ముందు వైపు కవచం తొడిగి కుడి భుజం మీద కత్తి ఆనించిన మనిషి, చుట్టూ యోహన్ గేఓర్గ్ పేరు, యూలిష్, క్లేవ్, బెర్గ్ బిరుదులు. వెనక అనేక గడుల డాలు, పైన శిరస్త్రాణాలు, చుట్టూ ఆర్చ్‌మార్షల్, ఎలెక్టర్. సంవత్సరం 1629. అక్షరాలు హెచ్ ఐ. బరువు 29.0. మొదటి యోహన్ గేఓర్గ్ 1611–1656 మధ్య ఎలెక్టర్, హన్స్ యాకోబ్ 1624–1635 మధ్య అధికారి, బిరుదులు 1609 తర్వాతివి, బరువు సామ్రాజ్య ప్రమాణం. అన్నీ కుదిరాయి. ఇదే నాణెం మీద సి ఆర్ అని ఉంటే అక్కడే పక్కన పెట్టేయాలి.

## 7. కన్వెన్షన్ టాలర్ తన లెక్క తానే చెబుతుంది

1763 తర్వాతి పెద్ద టాలర్ వెనక రోమన్ అంకె పది, ఆ వెంట "ఐనె ఫైనె మార్క్" అని ఉంటుంది. ఇలాంటివి పది కలిస్తే ఒక శుద్ధ వెండి మార్క్ అని. 2/3 మీద ఇరవై, 1/3 మీద నలభై.

233.856ను ఆ అంకెతో భాగిస్తే శుద్ధ వెండి ఎంతో వస్తుంది. ఇరవై అయితే సుమారు 11.69 గ్రాములు. దాన్ని 0.833తో భాగిస్తే మొత్తం బరువు సుమారు 14.03. కాటా చూపే అంకెతో పోల్చుకోండి. 1/6, ఇంకా చిన్నవాటిలో వన్నె బాగా తక్కువ, వాటికి ఈ 0.833 లెక్క వేయకండి.

1753 సంవత్సరం ఉన్న 8 గ్రోషెన్‌లు (1/3 టాలర్): ఏడేళ్ల యుద్ధంలో 1756లో ప్రష్యా సాక్సనీని ఆక్రమించి, లైప్‌జిగ్ టంకశాలను ఎఫ్రాయిమ్, ఇట్సిగ్ అనే గుత్తేదారులకు ఇచ్చింది. వాళ్లు పాత సంవత్సరంతో, సాక్సనీ ఎలెక్టర్ బొమ్మతో, వెండి తగ్గించి వేశారు. వీటికి ఎఫ్రాయిమైట్లు అని పేరు. ఎర్రటి రాగి ఛాయ, తక్కువ సాంద్రత కనిపిస్తే పారేయకండి. ఇవి ఆ కాలపు నాణేలే, వీటికి వేరే సేకర్తలున్నారు.

## 8. భూతద్దంతో చూడాల్సినవి

నకిలీ సూచనలు

- ఉపరితలం మీద సూది మొనంత గుంటలు, బుడగలు: పోతపోసిన ఆనవాలు.
- అక్షరాల అంచులు సబ్బు అరిగినట్టు మెత్తగా ఉండటం, అరుగుదల మాత్రం లేకపోవడం.
- అంచు చుట్టూ సన్నటి అతుకు గీత.
- మీ నాణెం మీదున్న గీతే ఆన్‌లైన్‌లో మరో నాణెం మీద అదే చోట ఉండటం. వాడుకలో పడిన దెబ్బ రెండు నాణేలకు ఒకేలా పడదు. ఇది నాకు అన్నింటికంటే నమ్మకమైన సూచన, అందుకే కొనేముందు ఓ అరగంట వేలాల పాత ఫొటోలు తిరగేయండి.

లోపంలా కనిపించినా సహజమైనవి

- ఒక పక్క బొమ్మ సరిగా పడకపోవడం, అంచులో చిన్న చీలిక.
- సమాంతరంగా ఆకురాయి గీతలు. ముద్ర వేసేముందు బరువు సరిచేయడానికి టంకశాలలోనే రాసేవారు. గీతలు బొమ్మ కిందకి దూరినట్టు ఉంటే అవి పాతవే.
- 17వ శతాబ్దపు టాలర్‌కు అంచు మీద అలంకరణ లేకపోవడం.

పాడైనవి

- 12 దగ్గర అంచు మీద టంకం మరక, చదును చేసిన గుర్తు: ఒకప్పుడు కొక్కెం అతికించి మెడలో వేసుకున్నారు. నాణెం అసలుదే కానీ ధర బాగా తగ్గుతుంది. అమ్మేవాళ్లు ఈ అంచును ఫొటోలో వేలితో కప్పడం మామూలే, అంచు ఫొటో విడిగా అడగండి.
- పూడ్చిన రంధ్రం. లైటుకు అడ్డం పెట్టి చూస్తే రంగు తేడా కనిపిస్తుంది.

## 9. డబ్బు కట్టే ముందు

జర్మన్ అమ్మకందారుల వర్ణనలో ఎస్ ఎస్ అంటే మంచి స్థితి, వి జెడ్ అంటే ఇంకా మెరుగు. హెంకెల్‌ష్పూర్ అని ఉంటే కొక్కెం ఆనవాలు ఉందని ఒప్పుకున్నట్టే.

- బరువు గ్రాముల్లో రాశారా?
- రెండు వైపులా, అంచు ఫొటోలు ఉన్నాయా?
- నకిలీ అని తేలితే డబ్బు తిరిగి ఇస్తామని రాతపూర్వకంగా ఉందా?
- అదే రకం నాణేలు ఇటీవల వేలంలో ఎంతకు పోయాయో చూశారా? అడిగిన ధర కాదు, అమ్ముడైన ధర.

దగ్గర్లో ఉంటే డ్రెస్డెన్ రెసిడెన్స్‌ష్లాస్ (రాజభవనం)లోని మ్యుంట్స్‌కాబినెట్ అనే నాణేల మ్యూజియంలో ఒక పూట గడపండి. అసలు టాలర్ల ముద్ర ఎంత పదునుగా ఉంటుందో ఒకసారి కంటికి అలవాటైతే పోత నకిలీ చూడగానే తెలిసిపోతుంది.

## 10. భద్రపరచడం, వెంట తీసుకెళ్లడం

మెత్తటి పీవీసీ కవర్లు వద్దు, పచ్చటి జిగురు వాటి నుంచే వస్తుంది. గట్టి ప్లాస్టిక్ క్యాప్సూల్, లేదా ఆమ్లం లేని కాగితపు కవరు వాడండి. రబ్బరు బ్యాండ్లు దగ్గర పెట్టొద్దు, అందులోని గంధకం వెండిని నల్లబరుస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి తీర ఊళ్లలో పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి, అప్పుడప్పుడూ మార్చండి.

ప్రతి నాణేనికి ఒక చీటీ: బరువు, వెడల్పు, సాంద్రత, పాలకుడు, సంవత్సరం, అధికారి అక్షరాలు, ఎక్కడ ఎంతకు కొన్నారు. చీటీ నాణెంతో, ఫొటో ఫోన్‌లోనే కాకుండా వేరే చోట కూడా.

ఇండియాకు తెచ్చేటప్పుడు బిల్లు వెంట ఉంచుకుని కస్టమ్స్‌కు చెప్పండి. తెచ్చినదాన్ని తిరిగి బయటకు పంపే ఆలోచన ఉంటే మాత్రం ముందే పురావస్తు శాఖను అడగండి: 1972 పురావస్తువుల చట్టం ప్రకారం 100 ఏళ్లు దాటిన నాణేలు పురావస్తువుల నిర్వచనంలోకి వస్తాయి, పురావస్తువులను ప్రైవేటు వ్యక్తులు ఎగుమతి చేయడం నిషేధం.